ముందు ఒకరు, వెనక ఒకరు

పోయిన ఎండాకాలం మా ఇల్లు చూడనీకె పిల్ల తరఫువాళ్లు వచ్చారు. మా దిక్కు ఇది మామూలే. అబ్బాయి హైదరాబాద్‌లో ఎంత జీతం తీసుకుంటున్నా సరే, ఊళ్లో ఇల్లెట్లుంది, వాకిలెట్లుంది, ఇంట్లో మనుషులెట్లున్నరు అని ఒకసారి వచ్చి చూసుకుంటేగాని మాట ముందుకు పోదు. మాది కోయిలకొండ పక్కన చిన్న ఊరు. జిల్లా పేరు మహబూబ్‌నగర్ అని రాస్తాం గానీ నోటికి వచ్చేది పాలమూరు అనే.

వాళ్లు వచ్చే ముందురోజు రాత్రి మా మేనత్త ఒక మాట అన్నది. "రేపు ఒక్క పూట తమ్మున్ని చేను కాడికి పంపితె మంచిగుంటది గద."

తమ్ముడంటే మా చిన్నాయిన. యాభై దాటాయి. ఆరడుగుల మనిషి. పెద్ద చేతులు, పెద్ద నవ్వు. మనసు మాత్రం ఆరేళ్ల పిల్లవాడిదని ఊళ్లో అంటారు. నాకు ఆ పోలిక సరిగ్గా అనిపించదు. ఆరేళ్ల పిల్లలకు అంత ఓపిక ఉండదు. చెప్పిన పని చేస్తాడు, చెప్పేవాళ్లు పక్కన ఉండాలి. లెక్క రాదు, దారి గుర్తుండదు. కొత్తవాళ్లు కనిపిస్తే దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంటాడు, తొందరగా వదలడు.

మేనత్త మాటకు నాయిన ఏమీ అనలేదు. నా దిక్కు చూశాడు. నేను ఫోన్‌లోకి చూశాను. అంతే, తేలిపోయింది.

మరుసటి రోజు పొద్దున అమ్మ సద్ది కట్టిచ్చింది. నాయినే తీసుకుపోయి చింతచెట్టు కింద కూర్చోబెట్టి వచ్చాడు. పిల్లవాళ్లు వచ్చారు, చాయ్ తాగారు, బోరులో నీళ్లు ఎంత ఉన్నాయో అడిగారు, ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తారా అని అడిగారు. నాయిన జవాబులు చెప్తూనే బాట దిక్కు చూస్తున్నాడు. వాళ్ల కారు మలుపు తిరగగానే చెప్పులేసుకుని చేనుకు నడిచాడు. చీకటి పడుతుండగా ఇద్దరూ తిరిగొచ్చారు. బాట బండి పోయేంత వెడల్పుంది, పక్కపక్కన నడవొచ్చు. అయినా నాయిన ముందు, చిన్నాయిన వెనక. చిన్నప్పటి నుంచి వాళ్లను అట్లాగే చూశాను కాబట్టి అందులో వింత ఏమీ కనిపించలేదు.

ఆ సంబంధం కుదరలేదు. కారణం వేరే ఏదో. దాని గురించి నాకు బాధ లేదు.

రెండు నెలలకు ఆఫీసులో ఒక సహోద్యోగి ఉద్యోగం మారుతూ టేబుల్ ఖాళీ చేశాడు. వద్దనుకున్న పుస్తకాలు మా టీమ్ టేబుల్ మీద పెట్టి, కావలసినవాళ్లు తీసుకోండి అన్నాడు. నేను అన్నిటికన్నా పల్చగా ఉన్నది తీసుకున్నాను. జాన్ స్టైన్‌బెక్ రాసిన 'ఆఫ్ మైస్ అండ్ మెన్'. 1937లో వచ్చిన నవల. వంద పేజీలు కాస్త అటూఇటూ. ఊరికి పోయే బస్సులో అయిపోతుందనుకున్నాను. షాద్‌నగర్ దాటేదాకా మొదటి అధ్యాయంలోనే ఉన్నాను. అయిన పేజీలనే మళ్లీ వెనక్కి తిప్పి చదువుతున్నాను.

ఆ మొదటి అధ్యాయంలో జరిగేది చాలా తక్కువ. కాలిఫోర్నియాలో సోలెడాడ్ అనే ఊరికి కొన్ని మైళ్ల దూరంలో, సాలినాస్ నది ఒడ్డున, ఒక సాయంత్రం ఇద్దరు కూలీలు వచ్చి ఆగుతారు. నీళ్లు తాగుతారు. పొయ్యి రాజేసుకుని తింటారు. కాసేపు కొట్లాడుకుంటారు. తర్వాత ఒక కథ చెప్పుకుని పడుకుంటారు. తెల్లారితే ఒక పెద్ద పొలంలో పనికి చేరాలి. సోలెడాడ్ అంటే స్పానిష్‌లో ఒంటరితనం. ఆ ఊరు నిజంగానే ఉంది, పేరు రచయిత పెట్టింది కాదు.

ఆ ఇద్దరి పేర్లు జార్జ్, లెన్నీ. లోకం లెక్కలో ఇద్దరూ ఎక్కడా ఇమడనివాళ్లే. లెన్నీకి బలం ఉంది, బుద్ధి ఎదగలేదు. జార్జ్‌కు తెలివి ఉంది, ఇల్లు లేదు, పెళ్లాంబిడ్డలు లేరు, చేతిలో పైసా లేదు. ఇలాంటి ఇద్దరిని మొదటిసారి పాఠకుడి ముందుకు తీసుకురావాలంటే మామూలుగా ఏం చేస్తాం? వాళ్లు ఎవరో, వాళ్లకు ఏం తక్కువో ముందే చెప్పేస్తాం. మా మేనత్త భయపడింది ఆ పరిచయానికే. స్టైన్‌బెక్ అట్లా చెయ్యలేదు.

ముందుగా మనకు మనుషులు కనిపించరు. ఏరు, కొండ, చెట్లు, ఇసుక మీద కుందేళ్లు. చెట్ల మధ్య ఒక కాలిబాట. పక్క పొలాల నుంచి ఈతకు వచ్చే పిల్లలు, రాత్రిపూట తలదాచుకోవడానికి రోడ్డు దిగి వచ్చే దిమ్మరులు నడిచి నడిచి గట్టిపరిచిన బాట అది. ఒక పెద్ద కొమ్మ కింద ఎన్నో మంటల బూడిద కుప్ప. ఆ కొమ్మ మీద ఎందరో కూర్చుని కూర్చుని అది నున్నగా అరిగిపోయింది. అంటే ఈ ఇద్దరు రాకముందే వీళ్లలాంటివాళ్లు వందలమంది ఇక్కడికి వచ్చి పోయారన్నమాట. ఆ సంగతి రచయిత విడిగా చెప్పడు. బూడిదను, అరిగిన కొమ్మను చూపించి ఊరుకుంటాడు.

మా నాయిన ఇదే మాట ఇంకోరకంగా చెప్పేవాడు. "యాడికి పనికి పోయినా మాకంటె ముందొచ్చినోళ్ల పొయ్యి రాళ్లు ఉంటుండె. మూడు రాళ్లు, నల్లగ మాడి. అవే జరుపుకొని మేం వండుకుంటుంటిమి." పాలమూరు లేబర్ అన్న మాట దేశంలో కట్టుబడి పని జరిగే ప్రతిచోటా తెలుసు. కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది మా పాత జిల్లాలోనే, తంగిడి దగ్గర. అయినా నీళ్లు కింద పారాయి, చేలు పైన ఎండాయి. జనం తట్టా పారా పట్టుకుని వలస పోయారు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌కు మా తాత రాళ్లు మోశాడు. నాయిన కాలానికి దారి బొంబాయి, పూణె వైపు తిరిగింది. గుంపు మేస్త్రీ ఊళ్లోకొచ్చి అడ్వాన్సు ఇస్తాడు, లెక్క రాసుకుంటాడు, నెత్తి మీద ముల్లె పెట్టుకుని బస్సెక్కుతారు. నాయిన పదిహేడేళ్లకు మొదటిసారి పోయాడు. రెండో ఏడాది నుంచి చిన్నాయిన కూడా వెంట.

మళ్లీ పుస్తకంలోకి వస్తాను. మనుషుల అడుగుల చప్పుడుకు కుందేళ్లు దాక్కుంటాయి, కొంగ లేచిపోతుంది. ఇద్దరు మగవాళ్లు ఒకరి వెనక ఒకరు నడుచుకుంటూ వస్తారు. బాట ఇరుకు కాబట్టి అట్లా వచ్చారనుకుంటాం. కానీ ఖాళీ జాగాలోకి వచ్చాక కూడా ఒకడు రెండోవాడి వెనకే ఉంటాడు. అక్కడ పుస్తకం మూసి కిటికీలోంచి బయటికి చూశాను. మా చేను బాట గుర్తొచ్చింది.

ఇద్దరి బట్టలు ఒకటే. డెనిమ్ ప్యాంటు, డెనిమ్ కోటు, నల్ల టోపీ, భుజాన చుట్టిన దుప్పటి. ముందున్నవాడు చిన్నగా, చురుగ్గా, కళ్లు నిలకడలేకుండా ఉంటాడు. వెనకున్నవాడు కొండంత మనిషి, ఎలుగుబంటి పాదాలు ఈడ్చినట్టు నడుస్తాడు. ముందువాడు టక్కున ఆగితే వెనకవాడు వచ్చి గుద్దుకోబోతాడు. ఇంతవరకు పేర్లు కూడా తెలియవు. కానీ వీళ్లు ఎన్నాళ్లుగానో కలిసి నడుస్తున్నారని మనకు తెలిసిపోయింది. నడిచే తీరు చెప్పేసింది.

పెద్దాయన చూడగానే ఏట్లోకి వంగి, టోపీతో సహా తల ముంచి, గుర్రంలా గటగట తాగుతాడు. చిన్నాయన కసురుతాడు. అంతలా తాగొద్దు, రాత్రిలాగే మళ్లీ కడుపు చెడుతుంది అంటాడు. ఆ కసురులోనే 'లెన్నీ' అన్న పేరు మనకు మొదటిసారి వినిపిస్తుంది. తర్వాత తనూ దోసిట్లో కొంచెం తీసుకుని రుచి చూసి, ఈ నీళ్లు మంచివో కాదో అని అనుమానపడతాడు. నీళ్లను అనుమానంగా చూడటం మా అమ్మకు బాగా తెలుసు. ఆమె పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగింది. కొత్త చోటికి పోతే ఇప్పటికీ గ్లాసు ఎత్తి వెలుగులో చూస్తుంది. నీళ్లు తాగే తీరులో మనిషి బతుకంతా ఉంటుందని ఈ రెండు పేజీలు చదివాక నాకు అనిపించింది. ఒకడికి దప్పి తప్ప ఏమీ తెలియదు. ఇంకొకడు తన దప్పి పక్కన పెట్టి, ముందు వాడి కడుపు గురించి ఆలోచించాలి.

ఆ తర్వాత జార్జ్ మోకాళ్లు ముడుచుకుని, చేతులు చుట్టుకుని కూర్చుంటాడు. లెన్నీ అది చూసి తనూ అట్లాగే కూర్చుంటాడు. సరిగ్గా వచ్చిందో లేదో అని మళ్లీ జార్జ్ వైపు చూసుకుంటాడు. జార్జ్ టోపీ కళ్ల మీదికి కొంచెం వంగి ఉందని తన టోపీ కూడా అంతే వంచుకుంటాడు. ఈ వాక్యాలు చదివి నవ్వొచ్చింది, వెంటనే గొంతు పట్టేసింది. మా చిన్నాయిన బీడీ తాగడు. కానీ నాయిన బీడీ ముట్టించినప్పుడు తనూ రెండు వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఆకాశంలోకి ఊదుతాడు. ఊళ్లో పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు. నేనూ ఎన్నోసార్లు నవ్వాను. అది ఒక మనిషి ఇంకో మనిషిని ఎంత ఇష్టంగా చూస్తున్నాడో చెప్పే పని అని నాకు తట్టలేదు.

ఎక్కడికి పోతున్నామో లెన్నీ మరిచిపోయాడు. జార్జ్ విసుక్కుంటూనే మళ్లీ చెప్తాడు. పని ఇప్పించే ఆఫీసులో ఇచ్చిన కార్డు తన జేబులో లేదని లెన్నీ కంగారుపడతాడు. రెండు కార్డులూ జార్జ్ దగ్గరే ఉన్నాయి, మొదట్నుంచీ. ఇప్పటికీ మా ఇంట్లో ఇద్దరి ఆధార్ కార్డులు నాయిన అంగీ జేబులో ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. ఎవరి కాగితాలు ఎవరి జేబులో ఉన్నాయో చెప్తే చాలు, ఎవరు ఎవరికి పూచీయో వేరే చెప్పనక్కర్లేదు.

లెన్నీ జేబులో కార్డు లేదు గానీ ఒక చచ్చిన చిట్టెలుక ఉంది. నడుస్తూ నిమరడానికి. మెత్తని వస్తువు ఏదైనా సరే నిమరాలని వాడికి. చేతుల్లో బలం ఎంతుందో వాడికి తెలియదు కాబట్టి అవి చచ్చిపోతాయి. జార్జ్ లాక్కుని దూరంగా విసిరేస్తాడు. కట్టెలు తెమ్మని పంపితే వాడు కాళ్లు తడుపుకుని మళ్లీ దాన్నే వెతికి తెచ్చుకుంటాడు. జరగబోయేదంతా ఈ ఎలుకలో ఉంది. అయినా మనకు భయం వెయ్యదు, జాలి వేస్తుంది. ఎందుకంటే అప్పటికే వాళ్లు నీళ్లు తాగడం చూశాం, టోపీ వంచుకోవడం చూశాం.

ఈ వరుస ఎంత ముఖ్యమో నాకు సినిమా చూశాక అర్థమైంది. ఈ నవలను 1992లో గ్యారీ సినీస్ సినిమాగా తీశాడు. జార్జ్‌గా తనే నటించాడు. లెన్నీ వేషం జాన్ మాల్కోవిచ్ వేశాడు. మంచి సినిమానే. కానీ అది మొదట్లోనే, చిరిగిన ఎర్ర గౌనుతో పరుగెత్తుతున్న ఒక అమ్మాయిని చూపిస్తుంది. వెనక జనం తరుముతుంటే వీళ్లిద్దరూ పారిపోతుంటారు. ఇంతకుముందు పనిచేసిన ఊళ్లో లెన్నీ ఆ గౌను మెత్తగా ఉందని పట్టుకున్నాడు, ఆమె భయపడి అరిచింది, వాడు బెదిరిపోయి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పుస్తకంలో ఈ సంగతి ఉంది, కానీ జార్జ్ కోపంలో అనే మాటల్లో, వాళ్లతో మనకు చనువు ఏర్పడ్డాక వస్తుంది. సినిమా నేరంతో మొదలై మనుషుల దగ్గరికి వస్తుంది. నవల మనుషులతో మొదలై నేరం దగ్గరికి పోతుంది. సంఘటనలు అవే. కానీ ఏది ముందు చెప్పామన్న దాన్ని బట్టి లెన్నీ వేరే మనిషి అవుతాడు.

మా చిన్నాయిన గురించి ఊళ్లో అందరూ ముందు చెప్పేది బొంబాయి సంగతే. నేను అప్పుడు ఒకటో తరగతి. పని జరుగుతున్న బిల్డింగ్ దగ్గర ఎవరో పిల్ల తప్పిపోయి ఏడుస్తుంటే, చిన్నాయిన దాని చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు. ఎక్కడికి తీసుకుపోవాలో ఆయనకూ తెలియదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని జనం చుట్టుముట్టి కొట్టారు. నాయిన ఉరికొచ్చేసరికి నేల మీద ఉన్నాడు. ఎడమ చెవి వినపడదు, అప్పట్నుంచి. ఆ వారమే ఇద్దరూ ఊరికొచ్చేశారు. నాయిన మళ్లీ బొంబాయి పోలేదు. అడ్వాన్సు బాకీ మూడేళ్లు కట్టాడు. పాలమూరు టౌన్‌లో దొరికిన పని దొరికినట్టు చేశాడు.

ఊళ్లో ఈ కథ ఎట్లా నిలిచిందంటే, "బొంబాయిల పిల్లను పట్టుకుంటె కొట్టిండ్రు సూడు, ఆయినె." మొదటి వాక్యమే అది. ఎవరైనా కొత్తవాళ్లు ఆ వాక్యం విన్నాక చిన్నాయిన దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంటే ఏమనుకుంటారు? మేము ఆయన్ను చేనుకు పంపింది మనిషిని దాచడానికి కాదు, ఆ వాక్యాన్ని దాచడానికి అని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. కానీ చెట్టు కింద సాయంత్రం దాకా కూర్చున్నది వాక్యం కాదు, మనిషి.

మన తెలుగు నవలల్లోనూ లోకంలో ఇమడనివాళ్లు ఉన్నారు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి, రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య. ఇంజినీరింగ్ హాస్టల్లో ఈ పుస్తకాలు చేతులు మారుతూ ఉండేవి. వీళ్లందరి గొడవ ఎక్కువగా తమ లోపలిది. ఎంతమంది మధ్య ఉన్నా తలలో ఒంటరివాళ్లు. జంటగా లోకం బయట నిలబడ్డవాళ్లంటే చలం 'మైదానం'లో రాజేశ్వరి, అమీర్ గుర్తొస్తారు. అయితే అక్కడ రాజేశ్వరి తన కథ తనే చెప్పుకుంటుంది, లోకానికి జవాబిస్తుంది. జార్జ్, లెన్నీలకు అట్లా జవాబు చెప్పుకునే చదువూ లేదు, తీరికా లేదు. స్టైన్‌బెక్ ఈ నవలను నాటకంగా కూడా ఆడించవచ్చన్నట్టు రాశాడు. ఆ ఏడాదే న్యూయార్క్‌లో స్టేజీ ఎక్కించారు కూడా. అందుకే ఎవరి మనసులోకీ తొంగిచూడడు. కనిపించేది, వినిపించేది మాత్రమే రాస్తాడు. సాలినాస్‌లోనే పుట్టి, కుర్రతనంలో పొలాల్లో కూలీలతో కలిసి పనిచేసినవాడు. లెన్నీలాంటి మనిషి పక్కన తను పనిచేశానని 1937లో ఒక పత్రికకు చెప్పాడు.

తర్వాత చిక్కుడు గింజల గొడవ. రాత్రి తిండికి మూడు డబ్బాల గింజలు తప్ప ఏమీ లేవు. లెన్నీ తనకు కెచప్‌తో ఇష్టం అంటాడు. అంతే, జార్జ్‌కు ఎక్కడ లేని కోపం వస్తుంది. నువ్వే లేకపోతే నేను ఎంత సుఖంగా బతికేవాణ్ణి, పని చేసుకుని, నెలాఖరుకు డబ్బు తీసుకుని, టౌనుకు పోయి, నచ్చింది తిని తాగి, ఏ బాధా లేకుండా... అని కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. చివరికి లెన్నీ మొహం చూసి సిగ్గుపడతాడు. లెన్నీ నేను పోయి కొండల్లో ఏదో గుహలో ఉంటాలే అంటాడు. జార్జ్ వద్దంటాడు.

ఇలాంటి జంటను రాసేటప్పుడు చూసుకునేవాణ్ణి దేవుడిగా రాయడం చాలా తేలిక. ఈ కోపం లేకపోతే జార్జ్ ఉత్త బొమ్మ అయిపోయేవాడు. మా నాయిన కూడా దేవుడు కాదు. గుంపు మేస్త్రీ ఇద్దరికీ కలిపి ఒకటిన్నర కూలి కట్టేవాడు. చిన్నాయిన ఇద్దరు మోసే బరువు మోసినా సరే, సగమే. పక్కన చెప్పేవాడు ఉండాలి కాబట్టి ఆ సగం కోత. ఒకసారి తాగొచ్చి నాయిన "నువ్వు సచ్చినా నాకు పాణం సుఖముంటుండె" అని అరవడం నేను విన్నాను. చిన్నాయిన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున చూస్తే నాయిన ఆయనకు తల స్నానం చేయిస్తున్నాడు. వినపడని చెవిలోకి నీళ్లు పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి.

అధ్యాయం చివర ఆ ఇద్దరూ చెప్పుకునే కథ ఒకటి ఉంది. ఎప్పటికైనా చిన్న ఇల్లు, కొద్దిగా భూమి, ఆవు, కోళ్లు, లెన్నీ పెంచుకునే కుందేళ్లు. ఈ కథ జార్జ్ వందసార్లు చెప్పి ఉంటాడు. లెన్నీకి ఏదీ గుర్తుండదు గానీ ఇది మాత్రం మాట మాట గుర్తుంది. మధ్యలో అందుకుంటాడు. పొలాల్లో పనిచేసే కూలీలకు ఎవరూ ఉండరు, మనకు మాత్రం ఒకరికొకరం ఉన్నాం అన్నది అందులోని సారం. దారీ తెన్నూ మరిచిపోయే మనిషికి అదొక్కటే ఎందుకు గుర్తుందో మళ్లీ చెప్పాల్సిన పని లేదు.

అసలు సంగతి రెండో అధ్యాయంలో బయటపడుతుంది. మరుసటి రోజు పొలంలో యజమాని ఇద్దరినీ ప్రశ్నలు అడుగుతాడు. లెన్నీ మందబుద్ధి ఆయనకు పెద్ద సమస్య కాదు, బలం ఉంటే చాలు. ఆయనకు అనుమానం వచ్చేది జార్జ్ మీద. ఒక మనిషి ఇంకో మనిషి కోసం ఇంత శ్రమ ఎందుకు పడతాడు, వాడి జీతం కాజేస్తున్నాడా అని. అది చదివాక నాకు మొదటి అధ్యాయం మళ్లీ అర్థమైంది. ఆ లోకంలో తక్కువ తెలివి వింత కాదు, బీదరికం వింత కాదు. ఇద్దరు కలిసి ఉండటమే వింత. అందుకే రచయిత వాళ్లను మొదట ఎవరూ లేని చోట చూపించాడు. యజమాని, మేస్త్రీ, కూలి లెక్క, ఇవేవీ లేని ఒక్క రాత్రి. ఒకరి వెనక ఒకరు నడిచి వచ్చిన ఇద్దరు మనుషులుగా చూశాక, మర్నాడు లోకం వాళ్లను తూకం వేస్తుంటే ఆ తూకంలోనే ఏదో తప్పుందని మనకు తెలుస్తుంది.

నేను లెన్నీని తలుచుకుని చిన్నాయిన గురించి బాధపడ్డాను గానీ, మా మేనత్త మాటతో మేము చేసింది ఇంకోటి కూడా. నాయినను సగం చేసి కూర్చోబెట్టాం. ఆ రోజు ఆయన బాట దిక్కు అన్నిసార్లు ఎందుకు చూశాడో బస్సులో తెలిసింది.

ఆ రాత్రి వాకిట్లో మంచాలేసుకున్నాక ఈ మొదటి అధ్యాయం నాయినకు చెప్పాను. మన మాటల్లో, ఏరు దగ్గర్నుంచి కుందేళ్ల దాకా. చిన్నాయిన పక్క మంచంలో మంచి చెవి మా వైపు పెట్టి పడుకున్నాడు. చిట్టెలుక దగ్గర నవ్వాడు. ఒకటిన్నర కూలి గురించి పుస్తకంలో ఉందా అని నాయిన అడిగాడు. లేదన్నాను. "మరి ఆ పెద్దోడు సివరికి ఏమైండు?" అన్నాడు.

నాకు ముగింపు తెలుసు. బస్సు దిగేలోపే చదివేశాను. "ఇంకా కాలేదు నాయినా, సదువుతున్న" అన్నాను.

నాయిన కొంచెంసేపు ఊరుకున్నాడు. "ఆ సన్నోడు ముందుగాల పోకుంటె సాలు" అన్నాడు. ఆయన మోకాళ్లు ఈ మధ్య బాగా నొస్తున్నాయి. ఆ మాట ఆయన పుస్తకం గురించి అనలేదని నాకు తెలుసు. ఏదో ఒకటి చెప్పాల్సింది. నేనున్నా కద అని నోటిదాకా వచ్చింది. అంత తేలిగ్గా అనేయడానికి భయమేసింది. బీపీ గోలీ వేసుకున్నవా అని అడిగాను.

పోయిన నెలలో ఇంకో సంబంధం వాళ్లు వచ్చారు. ముందురోజు మేనత్త ఫోన్ చేసింది. ఈసారి వద్దన్నాను. నాయిన, చిన్నాయిన ఇద్దరికీ ఒకే రకం తెల్ల అంగీలు కొన్నాను. ఇద్దరూ ఒకే మంచంలో కూర్చున్నారు. చాయ్ ఇస్తే నాయిన గ్లాసు ఎట్లా పట్టుకున్నాడో చూసి చిన్నాయిన కూడా అట్లాగే పట్టుకున్నాడు. నాయిన ఊదితే ఊదాడు. తర్వాత లేచి పిల్ల వాళ్ల నాయిన చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు, ఎంతకూ వదలలేదు. అందరూ గమ్మున అయిపోయారు. మా అమ్మ కొంగు నలుపుతూ నిలబడింది. బొంబాయి సంగతి వాళ్లు వేరే ఎవరి దగ్గరో వినొద్దని, ఉన్నదున్నట్టు నేనే చెప్పాను. కాకపోతే ముందు ఇద్దరి గురించి చెప్పి, ఆ తర్వాత చెప్పాను.

వాళ్లతో వచ్చిన పెద్దమనిషి చిన్నాయిన దిక్కు చూస్తూ అడిగాడు, "చిన్నప్పటి సంది గిట్లనేనా?"

నాయిన జవాబిచ్చాడు. "చిన్నప్పటి సంది నాతోనే."

వాళ్ల దగ్గర్నుంచి కబురు ఇంకా రాలేదు.